ఆవిరి యుగపు రైలు నమూనా: కెమెరా కంటికి నిలిచేలా నిర్మించి ఫొటో తీయడం ఎలా?

నమూనా రైలు ఫొటో చూడగానే అది బొమ్మ అని తెలిసిపోతే, లోపం ఇంజన్‌లో ఉండడం అరుదు. ఈనాడు తయారవుతున్న మంచి నమూనా ఇంజన్లలో రివెట్ల వరుసలు, పైపుల వంపులు కూడా కొలత తప్పకుండా ఉంటున్నాయి. పట్టా ఉండవలసినదానికన్నా ఎత్తుగా ఉండడం, కంకర ముక్కలు బండరాళ్లలా కనిపించడం, గోడకూ నేలకూ మధ్య వెంట్రుకవాసి సందు మిగలడం, ఒకే దీపస్తంభానికి రెండు నీడలు పడడం వంటివే గుట్టు బయటపెడతాయి. పైనుంచి తేరిపార చూసినా మన కంటికి ఇవి ఆనవు గాని, కెమెరా వీటిలో ఒక్కదాన్నీ వదలదు. అందుకే ఈ మార్గదర్శిలో నిర్మాణాన్నీ ఫొటో తీయడాన్నీ ఒకే పనిగా తీసుకున్నాను. మొదటి పలక కోయకముందే కెమెరా ఎక్కడ నిలబడుతుందో తేల్చుకోవాలన్నది ఇందులో ప్రతి దశకూ ఆధారం.

ఈ దారి చూపినవారిలో అమెరికాకు చెందిన జాన్ అలెన్ ముఖ్యుడు. వృత్తిరీత్యా ఫొటోగ్రాఫరైన ఆయన కాలిఫోర్నియాలోని మాంటెరేలో ‘గోరీ అండ్ డిఫీటెడ్’ అనే నమూనా రైలుమార్గాన్ని ఏళ్ల తరబడి నిర్మించాడు. నమూనాలను తళతళలాడేలా ఉంచుకోవడమే ఆనవాయితీగా ఉన్న రోజుల్లో ఆయన తన ఇంజన్లకూ పెట్టెలకూ మసి, తుప్పు, దుమ్ము పట్టించాడు. 1973 జనవరిలో ఆయన మరణించిన కొద్ది రోజులకే అగ్నిప్రమాదంలో ఆ నమూనాలో చాలా భాగం కాలిపోయింది. దాని గురించి తర్వాతి తరాలకు తెలిసినదంతా ప్రధానంగా ఫొటోల ద్వారానే.

ముందుగా ఒక చోటు, ఒక ఏడాది

ఆవిరి యుగమంటే నూరేళ్లకు పైబడిన కాలం. ‘పాతకాలపు రైలు’ అనే సాధారణ భావనతో మొదలుపెడితే, ఒకే ఫొటోలో ఎన్నడూ ఒకచోట ఉండని ఇంజన్లూ పెట్టెలూ సిగ్నళ్లూ చేరిపోతాయి. ఏ దేశం, ఏ ప్రాంతం, ఏ ఏడాది, వీలైతే ఏ నెల అన్నది కాగితం మీద రాసుకోవాలి. ఇది చాదస్తం కాదనడానికి బ్రిటన్ ఉదాహరణ చాలు. అక్కడి పెద్ద రైల్వే కంపెనీలను 1948 జనవరి 1న జాతీయం చేశారు. అయితే ఇంజన్లన్నిటికీ ఒక్కరోజులో కొత్త రంగులు వేయలేరు గనుక, 1949 నాటి షెడ్డులో పాత కంపెనీ అక్షరాలున్న టెండరు (ఇంజన్ వెనుక బొగ్గూ నీళ్లూ మోసే బండి) పక్కనే ‘బ్రిటిష్ రైల్వేస్’ అని రాసిన టెండరు నిలబడి ఉండడం సహజమైన దృశ్యం. బ్రిటిష్ రైల్వేస్ ఇంజన్ల మీద వేసే సింహం గుర్తు రూపం 1956లో మారింది. కాబట్టి ఆ కొత్త గుర్తున్న ఇంజన్ మీ నమూనాలో ఉంటే, దాని చుట్టూ ఉన్న మోటారు వాహనాలూ ప్రకటన పలకలూ కూడా 1956 తర్వాత వాడుకలో ఉన్నవై ఉండాలి.

ఇంజన్ ఎంత మురికిగా ఉండాలో కూడా ఆ ఏడాదే చెబుతుంది. 1930లలో ఎక్స్‌ప్రెస్ ఇంజన్లను తుడిచి మెరిపించడానికి షెడ్డుల్లో ప్రత్యేకంగా మనుషులుండేవారు. బ్రిటన్ ప్రధాన మార్గాల్లో ఆవిరి ఇంజన్ల సేవ ముగిసిన 1968 ఆగస్టు నాటికి, మిగిలినవాటిలో చాలా ఇంజన్లు అసలు రంగేమిటో తెలియనంతగా మసిబారిపోయాయి. ఒకే నమూనా ఇంజన్‌కు ఈ రెండు కాలాల్లో రెండు వేర్వేరు రూపాలుంటాయి.

ఎంచుకున్న చోటికి సంబంధించిన పాత ఫొటోలు వీలైనన్ని సేకరించండి. భవనాల కొలతలు దొరకనప్పుడు ఫొటోలోనే కొలబద్ద వెతకాలి. పట్టాల మధ్య దూరం తెలుసు. ప్రామాణిక గేజ్ అయితే 1,435 మి.మీ. ఇంజన్ చక్రాల వ్యాసం తెలుసు. ఇంగ్లండు ఇటుక కట్టడాల్లో సున్నంతో సహా నాలుగు వరుసలు కలిపి సుమారు 300 మి.మీ. ఉంటాయి గనుక, వరుసలు లెక్కపెడితే గోడ ఎత్తు తెలిసిపోతుంది. ఇంగ్లండులో లాంగ్ విటెన్‌హామ్ దగ్గరున్న పెండన్ మ్యూజియం చుట్టుపక్కల లోయను 1920, 1930ల నాటి రూపంలో నమూనాగా నిలుపుతోంది. అక్కడి కుటీరాలు అసలు ఇళ్లను పరిశీలించి కట్టినవి కాబట్టే ప్రతి గోడా నమ్మకంగా ఉంటుంది. మనకు అంత ఓపిక లేకపోయినా, ఫొటోలో ముందు వరుసలో కనిపించే రెండు మూడు కట్టడాలకైనా ఆ శ్రద్ధ దక్కాలి.

స్కేలు, ప్రణాళిక

హెచ్‌ఓ స్కేలు అంటే 1:87 (అసలు కొలతలో 87వ వంతు), పట్టాల మధ్య 16.5 మి.మీ. బ్రిటన్‌లో వాడుకలో ఉన్న ఓఓ స్కేలు 1:76 అయినా పట్టాల వెడల్పు మాత్రం అదే 16.5 మి.మీ. అంటే ఓఓ రైలు నిజానికి ఉండవలసినదానికన్నా సన్నని దారి మీద నడుస్తుంది. పక్కనుంచి తీసిన ఫొటోలో ఇది తెలియదు గాని, ఎదురుగా తీస్తే ఇంజన్ కాళ్లు దగ్గరపెట్టుకుని నిలబడినట్టు కనిపిస్తుంది. ఈ లోపం భరించలేనివారు 18.2 మి.మీ. వెడల్పున్న ఈఎం పద్ధతికో, 18.83 మి.మీ. ఉన్న పీ4 పద్ధతికో వెళతారు. అయితే అందుకు చక్రాలు మార్చాలి, చాలాసార్లు పట్టాలు చేత్తో వేసుకోవాల్సి వస్తుంది. ఎన్ స్కేలు 1:160. కొండలూ లోయల మధ్య రైలు చిన్నగా సాగిపోయే దృశ్యాలకు ఇది చక్కగా సరిపోతుంది గాని, దగ్గరి ఫొటోలకు కష్టం. కొత్తగా మొదలుపెట్టేవారు హెచ్‌ఓ గాని ఓఓ గాని తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఈ గైడులో కొలతలన్నీ హెచ్‌ఓకు చెందినవి.

గది నిండా పట్టాలు పరచాలన్న కోరికను అదుపులో పెట్టుకోవాలి. మూడు మీటర్ల పొడవు, అరవై సెంటీమీటర్ల వెడల్పులో ఒక శాఖామార్గపు చివరి స్టేషన్, ఇంజన్ బండికి ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగి రావడానికి ఒక లూప్‌లైన్, ఒక గూడ్సు సైడింగ్ (పెట్టెలు నిలిపే పక్క పట్టా), ఒక్క ఇంజన్ పట్టే చిన్న షెడ్డు ఉంటే చాలు. 20 మీటర్ల పెట్టె ఈ స్కేలులో 230 మి.మీ. అవుతుంది. మూడు పెట్టెలూ ఒక చిన్న ట్యాంక్ ఇంజన్ (టెండరు లేకుండా నీళ్లూ బొగ్గూ తనమీదే మోసే ఇంజన్) కలిపి 850 మి.మీ. దాకా వస్తాయి గనుక ప్లాట్‌ఫాం అంతకన్నా కొంచెం పొడవుండాలి, లూప్‌లైన్‌లో మూడు పెట్టెలు పట్టాలి, పట్టా చివర బండిని ఆపే బఫర్‌కూ, పట్టా రెండుగా చీలే పాయింట్‌కూ మధ్య ఇంజన్ నిలబడే చోటుండాలి. ఈ మూడు కొలతలు కుదరకపోతే అక్కడ రైలు నడపలేరు. నడవని స్టేషన్ ఫొటోలో కూడా అబద్ధంగానే కనిపిస్తుంది. రెండో చివర ఒక రోడ్డు వంతెన వేసి, దాని వెనుక రైళ్లు దాచుకునే పట్టాలు పెట్టుకోవచ్చు.

ఇక మలుపులు. 600 మి.మీ. వ్యాసార్ధం నమూనాలో పెద్దదే అనిపిస్తుంది గాని, అసలు కొలతలో అది 52 మీటర్లే. ప్రధాన మార్గపు బండి ఏదీ అలాంటి మలుపు తిరగదు. బిగువైన మలుపులన్నీ వంతెన వెనుకకో, గట్టు కిందికో పంపి, కనిపించే భాగంలో వీలైనంత మెల్లగా వంగే పట్టాలే వేయాలి. మలుపును లోపలి వైపు నుంచి ఫొటో తీస్తే పెట్టెల మధ్య సందులు మూసుకుపోయి వంపు తక్కువగా కనిపిస్తుంది. బయటి వైపు నుంచి తీస్తే అదే మలుపు బొమ్మ రైలును పట్టిస్తుంది.

కెమెరా నిలబడే చోట్లు

ప్రణాళిక కాగితం మీద మూడు నాలుగు చోట్ల కెమెరా గుర్తులు పెట్టండి. ఆ కాలంలో ఒక మనిషి చేతిలో కెమెరాతో ఎక్కడ నిలబడగలడో ఆలోచిస్తే చోట్లు వాటంతటవే దొరుకుతాయి: ప్లాట్‌ఫాం చివర, షెడ్డు ఎదుట, రోడ్డు వంతెన మీద, గట్టు పక్క కంచె దగ్గర. మనిషి కంటి ఎత్తు 1.7 మీటర్లనుకుంటే, అది హెచ్‌ఓలో 19.5 మి.మీ., ఎన్ స్కేలులో 11 మి.మీ. లోపే. సాధారణ కెమెరా లెన్స్ మధ్యభాగం నేల నుంచి అంతకన్నా ఎత్తులోనే ఉంటుంది కాబట్టి, కెమెరా కిందికి దిగడానికి వీలుగా పలక ముందు అంచులో ఒక ముక్క ఊడదీసేలా అమర్చాలి. ఫోన్‌తో తీసేవారికి ఇక్కడ ఒక సౌకర్యముంది. ఫోన్‌ను తలకిందులుగా నిలబెడితే లెన్స్ నేలకు దాదాపు ఆనుకుని ఉంటుంది, ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ ప్రయాణికుడి చూపు సరిగ్గా దొరుకుతుంది.

పట్టాలు వేయకముందే ఒక రోజు దీనికి కేటాయించండి. పలక మీద పట్టాలను వదులుగా పరిచి, భవనాల బదులు అదే కొలతల అట్టపెట్టెలు పెట్టి, గుర్తించిన చోట్ల నుంచి ఫొటోలు తీయాలి. ఏ భవనం ఇంజన్‌ను మూసేస్తోందో, గది గోడ ఎక్కడ కనిపిస్తోందో, ఏ మూలకు ఒక చెట్టు కావాలో అప్పుడే తెలుస్తుంది. అట్టపెట్టెను జరపడానికి క్షణం పడుతుంది, జిగురుతో అతికిన స్టేషన్‌ను జరపడానికి వారం పడుతుంది.

పలక, పట్టా, కంకర

పలక గురించి చెప్పవలసింది తక్కువ. 9 నుంచి 12 మి.మీ. మందం ప్లైవుడ్, దాని కింద 30, 40 సెం.మీ.కు ఒకటి చొప్పున అడ్డకర్రలు, నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తు ఉంటే సరిపోతుంది. తక్కువ ఎత్తులో పెట్టిన నమూనాను ఎప్పుడూ పైనుంచే చూస్తాం, అది విమానంలోంచి చూసినట్టే ఉంటుంది.

పట్టా దగ్గర మాత్రం తొందర పనికిరాదు. నమూనా పట్టాల ఎత్తును ‘కోడ్’ సంఖ్యతో చెబుతారు. అది అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. కోడ్ 100 పట్టా ఎత్తు 2.54 మి.మీ.; 87తో గుణిస్తే 221 మి.మీ. బరువైన ప్రధాన మార్గాల పట్టాలు కూడా సాధారణంగా 170, 180 మి.మీ. ప్రాంతంలోనే ఉంటాయి. అందువల్ల కనిపించే భాగంలో కోడ్ 83 గాని, శాఖామార్గానికైతే కోడ్ 75 గాని వాడాలి. దాచిన పట్టాలకు కోడ్ 100 ఉన్నా నష్టం లేదు.

ఆవిరి యుగంలో ఎక్కువ మార్గాల్లో పట్టాలను వెల్డింగుతో కాక ఫిష్‌ప్లేట్లు అనే ఇనుప పలకలతో కలిపేవారు, ఆ అతుకుల మీదే చక్రాలు టకటకమనేవి. నమూనా పట్టా మాత్రం మీటరు పొడవున ఏకంగా వస్తుంది. సన్నని రంపంతో పట్టా తలమీద గీతలాంటి గాటు పెడితే అతుకు కనిపిస్తుంది. అమెరికాలో వాడుకలో ఉన్న 39 అడుగుల పట్టాకైతే 137 మి.మీ.కు ఒకటి, బ్రిటన్‌లోని 60 అడుగుల పట్టాకైతే 210 మి.మీ.కు ఒకటి. గాటు పక్కన ఫిష్‌ప్లేటు ముక్క అతికి, రెండువైపులా కొంచెం నల్లని నూనె మరక వేస్తే ఫొటోలో ఆ చిన్న పనికి తగిన ఫలం దక్కుతుంది.

విద్యుత్తు విషయం క్లుప్తంగా చెబుతాను. ప్రతి పట్టా ముక్కకూ విడిగా తీగ సోల్డర్ చేయాలి, పట్టా ముక్కలను కలిపే జాయినర్ల మీద ఆధారపడకూడదు. పాయింట్ మధ్యలో పట్టాలు ఒకదాన్నొకటి దాటే ముక్కకు (ఫ్రాగ్) కరెంటు అందేలా చూసుకోవాలి. లేకపోతే చిన్న ట్యాంక్ ఇంజన్ సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. కంకర వేయకముందే ఇంజన్ నడిపి పరీక్షించుకోవాలి.

తర్వాత రంగు. పట్టా పక్కలు ముదురు గోధుమ రంగులో ఉండాలి. నారింజ రంగు తుప్పు ఎప్పుడో ఒకసారి బండి నడిచే సైడింగులకే సరిపోతుంది. పై అంచును వెంటనే తుడిచేయాలి. కర్ర స్లీపర్లు కొత్తవైతే తారు నలుపులో, ఏళ్లు గడిస్తే బూడిదరంగులో ఉంటాయి. వరుసలో అక్కడక్కడ ఒక్కో స్లీపరును ముదురుగా ఉంచితే, మరమ్మతు ముఠా వచ్చి మార్చి వెళ్లినట్టుంటుంది.

50 మి.మీ. కంకర రాయి ఈ స్కేలులో 0.6 మి.మీ. లోపే అవుతుంది. పొట్లాల్లో వచ్చే కంకర చాలావరకు దీనికన్నా లావుగా ఉంటుంది కాబట్టి జల్లించి వాడాలి. కంకరను పొడిగానే పోసి, మెత్తని కుంచెతో స్లీపర్ల మధ్య సర్ది, స్లీపరు పైన ఒక్క రేణువు కూడా మిగలకుండా చూడాలి. ఓపికంతా ఇక్కడే అవసరం. ఆపై ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను సన్నని తుంపరగా కొట్టి తడిపి, సగానికి సగం నీళ్లు కలిపిన పీవీఏ (తెల్ల) జిగురులో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి, డ్రాపర్‌తో చుక్కలు చుక్కలుగా వదలాలి. ముందు తడపకపోతే జిగురు చుక్క కంకర మీదే ముత్యంలా నిలిచి, రేణువులను పక్కకు తోస్తుంది. పాయింట్ల కదిలే భాగాల దగ్గర జిగురు పడకుండా చూసుకోవాలి.

ఇంజన్ షెడ్డు: బొగ్గు, నీరు, బూడిద

ఆవిరి యుగాన్ని ఆవిరి యుగంగా నిలబెట్టేది ఈ భాగమే. డీజిల్ ఇంజన్‌కు మీట నొక్కితే చాలు. ఆవిరి ఇంజన్‌కు రోజూ నిప్పు, నీరు, బొగ్గు, బూడిద, నూనెల చాకిరీ ఉండేది. ఆ చాకిరీ ఎక్కడెక్కడ జరిగేదో తెలిస్తే నేల రంగు దానంతటదే తేలుతుంది.

డ్యూటీ దిగిన ఇంజన్ సాధారణంగా బొగ్గు మెట్ట దగ్గర ఆగి టెండరు నింపుకొని, బూడిద గుంత మీద నిలబడి నిప్పును శుభ్రం చేయించుకొని, నీళ్లు పట్టుకొని, అవసరమైతే టర్న్‌టేబుల్ మీద తిరిగి షెడ్డులోకి చేరేది. కాబట్టి బొగ్గు మెట్ట చుట్టూ నేల నల్లగా, కొద్దిపాటి మెరుపుతో ఉండాలి. అందుకు నిజమైన బొగ్గునే దంచి జల్లించి అతికించడం కన్నా మంచి మార్గం లేదు. బూడిద గుంత పక్కన లేత బూడిదరంగు పొడి, మధ్యమధ్య గోధుమ రంగు చిట్టెం గడ్డలు, గోడకు ఆనించిన పొడుగాటి పారలు, పట్టాలు దాటి పడిన కుప్ప ఉండాలి. ఇంజన్‌కు నీళ్లు పట్టే వాటర్ కాలమ్ కింద ఎప్పుడూ తడి. అక్కడి నేల ముదురుగా, గొట్టం మొదట్లో ఆకుపచ్చ నాచుతో ఉంటుంది. తడికి రెండు చుక్కల మెరుపు వార్నిష్ చాలు. ఇంజన్ నిలిచే ప్రతిచోటా పట్టాల మధ్య నూనె కారిన నల్లని చార ఉంటుంది, ప్లాట్‌ఫాం చివర ఇది తప్పనిసరి.

షెడ్డు యార్డులో ప్రధాన మార్గపు కంకర వేయకండి. అక్కడ పట్టాలు బూడిదా బొగ్గు పొడీ తొక్కుకుపోయిన నేలలో స్లీపర్ల దాకా కూరుకుపోయి ఉండేవి. ప్రధాన మార్గం శుభ్రమైన కంకర గట్టు మీద, యార్డు దానికన్నా ఒక మెట్టు కింద, నల్లని చదును నేలలో ఉంటే ఆ తేడా ఒక్కటే ఫొటోలో సగం కథ చెబుతుంది.

గడ్డి, గోడలు, వెనుక తెర

బ్రిటన్ వంటి చోట్ల ఆవిరి రోజుల్లో రైలు కట్టల మీద గడ్డిని పొట్టిగా కోసి ఉంచేవారు. ఇంజన్ నుంచి ఎగిరిపడే నిప్పురవ్వలకు ఎండుగడ్డి అంటుకునేది గనుక అది అవసరం. నేడు పట్టాల పక్కన కనిపించే గుబురు పొదలనూ చెట్లనూ చూసి నమూనాలో నాటితే కాలం తప్పుతుంది. స్టాటిక్ గడ్డిని (స్థిరవిద్యుత్తుతో నిటారుగా నిలబెట్టే నారపోచలు) 2 మి.మీ., 4 మి.మీ. పొడవుల్లో, రెండు మూడు రంగులు కలిపి, పొరలు పొరలుగా వేయండి. ఒకే పొడవు, ఒకే పచ్చదనం ఉంటే తివాచీ పరిచినట్టుంటుంది.

భవనాన్ని నేల మీద పెట్టకూడదు, నేలలో దించాలి. పునాది కోసం రెండు మిల్లీమీటర్లు గుంత తీసి, గోడ దిగాక చుట్టూ మట్టిపొడి అద్ది, గోడ మొదట్లో గడ్డి పోచలు నాటితే ఆ వెంట్రుకవాసి సందు మాయమవుతుంది. పట్టాలు దాటే వంతెన అడుగుభాగంలో పొగగొట్టాలు వెళ్లే వరుసకు సరిగ్గా పైన మసి చార పడాలి. షెడ్డు కప్పులోని పొగ గూళ్లకూ అంతే.

రంగుల్లో స్వచ్ఛమైన నలుపు, స్వచ్ఛమైన తెలుపు వాడకండి. మీటరు దూరం నుంచి చూసే హెచ్‌ఓ నమూనాను అసలు కొలతలో 87 మీటర్ల నుంచి చూస్తున్నట్టు లెక్క. అంత దూరంలో గాలి ప్రతి రంగునూ కొంత వెలవెలబోయేలా చేస్తుంది. ప్రతి రంగులోనూ కొద్దిగా లేత బూడిదరంగు కలపడం వల్ల నమూనా అంతటికీ ఒకే గాలి పట్టినట్టుంటుంది.

వెనుక తెర మీద వివరాలు ఎంత తక్కువుంటే అంత మేలు. నేలకు ఆనే చోట తెల్లబారిన, పైకి పోయేకొద్దీ నీలమయ్యే ఆకాశం, లేత నీలిబూడిద రంగులో దూరపు కొండల వరుస చాలు. క్షితిజరేఖ ఎప్పుడూ కెమెరా ఎత్తులోనే ఉంటుందన్నది మరువకూడదు. లెన్స్ నేల నుంచి 20 మి.మీ. ఎత్తులో ఉండి, తెర మీద క్షితిజం 150 మి.మీ. ఎత్తులో గీసి ఉంటే, చూసేవారికి కారణం తెలియకపోయినా ఏదో పొసగలేదని తెలుస్తుంది. తెర మూలల్ని మడత పడకుండా గుండ్రంగా తిప్పాలి.

ఇంజన్‌కు వయసు తేవడం

మురికిని ఇష్టం వచ్చినట్టు చల్లితే అది మురికిగానే ఉంటుంది గాని వయసుగా మారదు. ప్రతి మరకకూ ఒక కారణముండాలి. పొగగొట్టం కింద ఉండే స్మోక్‌బాక్స్ వేడికి రంగు కాలి, మెరుపు పోయి, పొడి బూడిదరంగు నలుపులోకి మారుతుంది. దాని తలుపు అడుగున బూడిద నిలవడం వల్ల తుప్పు కనిపిస్తుంది. బాయిలర్ కడగడానికి ఉండే చిన్న బిరడాల దగ్గర నీరు చెమ్మగిల్లి, అందులోని సున్నం తెల్లని సన్నని చారగా కిందికి జారుతుంది. సేఫ్టీ వాల్వుల చుట్టూ కూడా అదే తెలుపు. చక్రాలకూ అడుగుభాగానికీ బ్రేకుల ఇనుప రజను, దారి దుమ్ము కలిసిన గోధుమ రంగు పడుతుంది. కడ్డీల మీద నూనె పొర మెరుస్తుంది. టెండరు పైభాగమంతా బొగ్గు పొడి. డ్రైవర్ నిలబడే క్యాబ్ మెట్లను గమనించండి: బూటు ఆనే మధ్యభాగం అరిగి ఇనుము తేలి ఉంటుంది, మూలల్లో మాత్రం మసి గట్టిపడి ఉంటుంది. చేతికడ్డీలో పట్టు దొరికే చోట కూడా అదే మెరుపు. ఆ రెండు మిల్లీమీటర్ల మెట్టు మీద పెన్సిల్ మొనతో రుద్దితే చాలు, రోజూ ఎక్కి దిగే ఫైర్‌మన్ ఒకడున్నాడని తెలుస్తుంది.

పని వరుస ఇది. ముందుగా మ్యాట్ వార్నిష్ పలుచగా కొట్టి ఆరనివ్వాలి. బాగా పలుచన చేసిన నలుపు గోధుమ రంగును ఇంజన్ పక్క అంతటా పూసి, ఆరకముందే పైనుంచి కిందికి గుడ్డతో తుడవాలి. వాన నీరు జారే దిశ అదే గనుక అడ్డంగా తుడవకూడదు. మూలల్లోనూ రివెట్ల చుట్టూ రంగు మిగులుతుంది. ఆ తర్వాత పొడి కుంచెతో అంచులకు లేతరంగు, చివరగా రంగుపొడులతో మసి, బూడిద, తుప్పు అద్దాలి. చక్రాలకు రంగు వేసేటప్పుడు మోటారుకు తీగతో కరెంటు ఇచ్చి మెల్లగా తిప్పుతూ వేస్తే ఆకుల మధ్య ఖాళీ మచ్చలు మిగలవు. పట్టాను తాకే అంచును ఐసోప్రొపైల్‌తో శుభ్రం చేయడం మరవకండి. టెండరులోని ప్లాస్టిక్ బొగ్గు మీద నిజమైన బొగ్గు ముక్కలు అతికి, క్యాబ్‌లో డ్రైవర్‌నూ ఫైర్‌మన్‌నూ నిలబెట్టాలి. మనిషి లేని క్యాబ్‌తో పొగ వదిలే ఇంజన్‌ను ఎవరూ నమ్మరు.

ఒకే సూర్యుడు

గదిలోని దీపాలన్నీ ఆర్పి ఒక్క దీపంతో మొదలుపెట్టండి. భూమి మీద నుంచి చూస్తే సూర్యుడి వెడల్పు సుమారు అర డిగ్రీ. రెండు మీటర్ల దూరంలో 17 మి.మీ. వెడల్పున్న దీపం అదే కొలతలో కనిపిస్తుంది, దాని నీడల అంచులూ ఎండ నీడల్లాగే ఉంటాయి. దీపం దగ్గరగా ఉంటే రెండు చిక్కులు వస్తాయి. నీడలు సమాంతరంగా కాక విసనకర్రలా విచ్చుకుంటాయి. దీపం వైపు వెలుగు ఎక్కువై, అవతలి వైపు చప్పున తగ్గిపోతుంది. దీపాన్ని వెనక్కు జరిపి, తగ్గిన వెలుగుకు బదులు ఎక్స్‌పోజరు సమయం పెంచడమే సరైన మార్గం. నీడల్లోని వివరాలు పూర్తిగా మునిగిపోకుండా, దీపానికి ఎదురువైపు ఒక తెల్ల అట్ట నిలబెడితే ఆకాశపు వెలుగు పని అది చేస్తుంది. రెండో దీపం పెడితే రెండో నీడ వస్తుంది.

దీపాన్ని క్షితిజం నుంచి 30, 40 డిగ్రీల ఎత్తులో ఒక పక్కన ఉంచితే ఉదయపు ఎండలా పడి చక్రాలూ కడ్డీలూ వెలుగులోకి వస్తాయి. నడినెత్తిన పెడితే నల్లని ఇంజన్ కిందిభాగమంతా చీకటైపోతుంది. భవనాల నీడ వెనుక తెర మీద పడితే ఆకాశం గోడ అయిపోతుంది, కాబట్టి తెరకూ చివరి కట్టడానికీ మధ్య కనీసం 30 సెం.మీ. ఎడం ఉంచండి. రంగులను ఎంత సరిగ్గా చూపుతుందో తెలిపే సూచిక (సీఆర్‌ఐ) 90కి పైన ఉన్న ఎల్‌ఈడీ దీపం వాడాలి.

ఫోకస్ అనే అసలు సమస్య

ముందున్న బఫర్ స్పష్టంగా ఉండి, వెనుక పెట్టెలు మసకబారితే అది చిన్న వస్తువని మెదడు వెంటనే గుర్తిస్తుంది. దీనికి కారణం లెక్కలో ఉంది. అసలు రైలును 50 మి.మీ. లెన్స్‌తో, ఎఫ్/8 దగ్గర తీసినప్పుడు వెలుగు ప్రవేశించే రంధ్రం వ్యాసం 6 మి.మీ. పైచిలుకు. దృశ్యాన్ని 87 రెట్లు చిన్నది చేస్తే, అదే స్పష్టత రావడానికి రంధ్రం కూడా 87 రెట్లు చిన్నదై, 0.07 మి.మీ. కావాలి. అంత సన్నని రంధ్రంలోంచి వెలుగు పోయేటప్పుడు వివర్తనం (రంధ్రపు అంచుల దగ్గర వెలుగు చెదరడం) వల్ల చిత్రమంతా మసకబారుతుంది. జాన్ అలెన్ కాలపు ఫొటోగ్రాఫర్లు అతి సన్నని రంధ్రాలతో దీర్ఘంగా ఎక్స్‌పోజ్ చేసి, కొంత పదును వదులుకొని ఈ ఇబ్బందిని దాటారు. ఈనాడు మనకు ఫోకస్ స్టాకింగ్ ఉంది: ఒకే దృశ్యాన్ని వేర్వేరు దూరాలకు ఫోకస్ చేసి చాలా ఫొటోలు తీసి, ప్రతిదానిలోని స్పష్టమైన భాగాన్ని ఏరి కలపడం.

కెమెరాను ట్రైపాడ్ మీదో, పలక మీద ఇసుకసంచి మీదో కదలకుండా నిలపండి. ఫోకస్, ఎక్స్‌పోజరు, వైట్ బ్యాలెన్స్ మూడూ మాన్యువల్‌లో ఉండాలి; ఐఎస్ఓ 100, ఎఫ్/8 గాని ఎఫ్/11 గాని, రా (RAW) ఫైలు, రెండు సెకన్ల టైమర్. ఎఫ్/22 దాకా మూసే ఆశ వద్దు, దగ్గరి దృశ్యాల్లో అక్కడ పదును పోతుంది. మొదటి ఫొటో ఫ్రేములో అన్నిటికన్నా ముందున్న కంకర రాయి మీద ఫోకస్ చేసి, ఫోకస్ రింగును కొద్దికొద్దిగా తిప్పుతూ చివరి భవనం దాకా వెళ్లాలి. దృశ్యం లోతును బట్టి పది నుంచి ఇరవై ఫొటోలు పడతాయి. దగ్గరి దూరాల్లో అడుగులు చిన్నవిగా ఉండాలి, దూరం పెరిగేకొద్దీ పెద్దవి కావచ్చు. వెనుక తెరను మాత్రం కొంచెం మసకగా వదిలేయడమే మంచిది. అందులోని కుంచె గీతలు పదునుగా కనిపిస్తే దూరం కాస్తా కాగితమవుతుంది. తీస్తున్నంతసేపూ ఫ్యాను ఆపాలి, పలకను తాకకూడదు, పట్టాలకు కరెంటు తీసేయాలి. తర్వాత హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ వంటి సాఫ్ట్‌వేర్‌తో కలపవచ్చు. టెలిగ్రాఫ్ తీగలు, సిగ్నల్ స్తంభాల అంచుల చుట్టూ మసక వలయాలు మిగులుతాయి. వాటిని చేత్తో సరిదిద్దక తప్పదు.

ఫోన్‌తో తీసేవారు పోర్ట్రెయిట్ మోడ్‌ను తప్పక ఆపాలి. వెనుక భాగాన్ని కావాలని మసకబార్చడమే దాని పని, మనకు కావలసింది దానికి విరుద్ధం.

ఇంజన్‌ను ఎక్కడ ఆపాలన్నది కూడా ఫొటోలో భాగమే. చక్రాలను కలిపే కడ్డీలు కింది స్థానంలో ఉండేలా ఆపితే చక్రాల ఆకులు తెరుచుకొని అందంగా కనిపిస్తాయి. అసలు రైళ్లను తీసిన ఎందరో ఫొటోగ్రాఫర్లు ఆ క్షణం కోసమే కాచుకునేవారు.

పొగ, ఆవిరి, చివరి మెరుగులు

నమూనా ఇంజన్‌లో అమర్చే పొగ యంత్రం నడుపుతున్నప్పుడు ముచ్చటగానే ఉంటుంది గాని, పొగ స్కేలుకు తగ్గదు. ఫొటోలో అగరొత్తి పొగలా సన్నగా లేచి వెంటనే చెదిరిపోతుంది. స్టాక్ చేసే ఫొటోలో అది అసలు నిలవదు. అందుకని పొగను తర్వాత కంప్యూటర్‌లోనే చేర్చడం మంచిది. చేర్చేటప్పుడు ఇంజన్ ఏ పనిలో ఉందో చూసుకోండి. షెడ్డు ముందు ఊరికే నిలబడిన ఇంజన్ నుంచి సన్నని లేత పొగ మాత్రమే వస్తుంది. బరువుతో కదిలే ఇంజన్ ఒక్కో దెబ్బకు ఒక్కో మేఘాన్ని పైకి నెడుతుంది. ఎండ మండే రోజున ఆవిరి త్వరగా కరిగిపోతుంది, చలిలో తెల్లగా దట్టంగా నిలుస్తుంది. మీరు ఎంచుకున్న నెల ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. సేఫ్టీ వాల్వు తెరుచుకున్నప్పుడు ఆవిరి గొట్టం మూతిని ఆనుకుని కనిపించదు. కొంచెం పైకి వెళ్లి, చల్లబడి, నీటి తుంపరగా మారాకే తెల్లబడుతుంది. ఆ చిన్న ఖాళీ వదిలితే ఆవిరి నిజమవుతుంది, మూతి నుంచే తెల్లగా గీస్తే దూదిలా ఉంటుంది.

నలుపు తెలుపులోకి మార్చదలచుకుంటే కాలాన్ని బట్టి మార్చాలి. తొలినాటి ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు రంగు సోకదు కనుక, ఎర్రని బఫర్ పలకా ఎర్ర ఇటుకలూ దాదాపు నల్లగా, నీలాకాశం తెల్లగా వచ్చేవి. రంగు ఫొటోలో ఎరుపు ఛానల్‌ను తగ్గించి నీలం, ఆకుపచ్చ ఛానళ్ల నుంచి చిత్రాన్ని తయారుచేస్తే ఆ రూపం వస్తుంది. 1950ల నాటి దృశ్యానికైతే ఎరుపును కూడా గ్రహించే పాంక్రొమాటిక్ ఫిల్ము పద్ధతిలో మూడు ఛానళ్లనూ కలపవచ్చు.

ఫొటోను నూరు శాతం పెద్దది చేసి మూల నుంచి మూలకు చూడండి. ఇంజన్ మీద నిలిచిన ఒక్క నూలుపోగు ఈ స్కేలులో తాడంత లావుంటుంది. పోగులను కంప్యూటర్‌లో చెరిపేయవచ్చు. పైకి తేలిన స్లీపరు, వంగిన స్తంభం, నేలను తాకని మనిషి బొమ్మ కనిపిస్తే మాత్రం చెరపడానికి ప్రయత్నించకుండా, పలక దగ్గరికి వెళ్లి చేత్తోనే సరిచేసి మళ్లీ తీయాలి. అలా సరిచేసిన చోటు ఆ తర్వాత ఏ కోణం నుంచి తీసినా సరిగానే వస్తుంది.